బీపీ ఉన్న హంతకుడి వెంట మూడు ఊళ్ళు

మదనపల్లె చల్లగా ఉంటుందని చెప్పేవాళ్ళు ఏ నెలలో చల్లగా ఉంటుందో చెప్పరు. మా ఏలూరులో ఈ సమాచారం నాకిచ్చిన పెద్దమనిషి అక్కడికి వెళ్ళింది ఒక్కసారే, అదీ డిసెంబరులో ఏదో పెళ్ళికి. ఆ ఒక్క పూట చలిని ఆయన ఆ ఊరికి శాశ్వతంగా రాసిచ్చేశాడు. మా అమ్మ ఆయన మాట నమ్మి, మే నెలాఖరులో, ఉన్ని స్వెట్టరు ఒకటి నా సంచి అడుగున పెట్టింది. తీసేద్దామంటే తన చేత్తో అల్లింది. ప్రయాణం పొడుగునా దాన్ని మోశాను. తిరిగొచ్చి ఇంటి మలుపు తిరిగేముందు మాత్రం తీసి సంచిలో పైన కనబడేట్టు పెట్టుకున్నాను.

ఇది తొంభైల చివరి మాట. నేను మదనపల్లె వెళ్ళింది సినిమా చూడటానికి. ఏలూరులో సినిమాహాళ్ళు లేవా అని ఇంట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కాలేజీలో నాతో బీయే చదివిన రెడ్డెప్ప ఫోన్ చేసి, "మా నాయన సినిమా వచ్చిందప్పా, రా" అన్నాడు.

వాళ్ళ నాన్న మునిరత్నప్ప మదనపల్లె టమోటా మార్కెట్టులో వేలం పాడే మనిషి. రైతులు తెచ్చిన సరుకు ముందు నిలబడి ధర అరవడం, వ్యాపారి తల ఊపితేనో చెయ్యి ఎత్తితేనో ధర పెంచుకుంటూ పోవడం, చివరికి సరుకును ఎవరో ఒకరి పేరున కొట్టెయ్యడం ఆయన పని. ఒక సినిమా వాళ్ళు ఆ మార్కెట్టులో షూటింగ్ పెట్టుకున్నారు. వేలం పాడే వేషానికి హైదరాబాదు నుంచి తెచ్చిన నటుడు ఆ వేగం అందుకోలేక దగ్గు తెచ్చుకుని కూర్చుంటే, ఈయన్నే నిలబెట్టారు. సినిమా తయారై హాళ్ళకు వచ్చేలోగా గుండెనొప్పితో ఆయన పోయాడు.

ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటే ఉంది, ఏదో కార్డు కోసం తీయించిన చిన్న బొమ్మను పెద్దది చేయించింది. అందులో ఆయన ఫోటోగ్రాఫరుకు ఏదో సంజాయిషీ చెప్పుకోబోతున్నట్టుంటాడు. రెడ్డెప్ప వాళ్ళమ్మ గంగులమ్మ దానికి దండ వేసింది గానీ, దాన్ని తన భర్తగా ఒప్పుకోలేదు.

"ఈయప్ప గమ్మునుండాడు" అంది నాతో, నోరు మెదపకుండా ఉన్నాడని. "ఆయన ఎప్పుడన్నా గమ్మునుండేటోడా?"

ఆమెకు కావలసింది ఒక్కటే. కదులుతూ ఉండగా ఆయన్ని ఇంకొక్కసారి చూడాలి. పెళ్ళయ్యాక సినిమాహాలు గడప తొక్కని మనిషి, అందుకోసం ఒక కిరాయి హంతకుడి సినిమాకు తయారైంది.

మదనపల్లె

బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీలోకి చెనిక్కాయల చట్నీ ఇచ్చారు, అంటే వేరుశెనగపప్పుది. మా వైపు ఇడ్లీ అంటే అల్లప్పచ్చడి కూడా ఉండాలి. లేదు. లేకపోయినా ఇడ్లీ ఏమీ ఇబ్బంది పడలేదు. "ఏమండీ, ఇంకో రెండు ఇప్పిస్తారా" అని వడ్డించేవాణ్ణి అడిగితే, తన వెనక ఎవరన్నా పెద్దవాళ్ళు నిలబడ్డారేమోనని తిరిగి చూశాడు. రెడ్డెప్ప 'అన్నా' అనే పిలుపులో సగం మింగి "నా, రెండిడ్లీ" అన్నాడు. వచ్చేశాయి. అండీలు ఇక్కడ చెల్లవని అప్పుడు తెలిసింది. అయినా ఆ అలవాటు ప్రయాణం ఆఖరుదాకా నన్ను వదల్లేదు.

మార్కెట్టు చూపించాడు. ఏలూరులో మేము కిలో టమోటాలకిచ్చే డబ్బుకి ఇక్కడ గంప ఇస్తున్నారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. చెబితే గంప తెమ్మంటారు. వాళ్ళ నాన్న నిలబడిన చోట ఇప్పుడు ఇంకొకాయన నిలబడి అరుస్తున్నాడు. రెడ్డెప్ప కాసేపు విని, "ఈయన మధ్యలో నీళ్ళు తాగతాడు" అన్నాడు. అది ఫిర్యాదో, వివరమో తెలియలేదు.

గంపలు మోసే ఒకాయన మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. "సినిమాకు పోతాండారంట గదా. మీ నాయన్ను కాల్చింది ఆ మూలనే" అని చేత్తో చూపించి, మళ్ళీ గంప ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

"ఎవరిని కాల్చారు?" అన్నాను.

"రొంత మెల్లగా మాట్లాడప్పా. సినిమాలోనే. కాల్చేది గూడా తీసినారంట. ఆ పొద్దు చొక్కా నిండా టమోటా గుజ్జుతో ఇంటికొచ్చి, జారి పడినానని చెప్పినాడు. అమ్మకు తెలీదు."

"మరి ఆమెను తీసుకెళ్తే ఎలా?"

"తీసుకపోకుంటే ఊరుకునేట్టుందా? తీసినవన్నీ పెట్టరు గదా. కాల్చింది తీసేసుంటారేమో. నువ్వు చదువుకున్నోడివి, ఏమంటావు?"

మేమిద్దరం చదివింది ఒకే బీయే. అతనికి సెకండ్ క్లాసు వచ్చింది, నాకు రాలేదు. ఏదైనా జరగొచ్చని చెప్పాను.

మధ్యాహ్నం ఆటకు ముగ్గురం వెళ్ళాం. సినిమా పేరు చెప్పలేను. పోస్టరు మీద పేరున్న చోట ఎరువుల ప్రకటన అంటించారు. కథ ఒక కిరాయి హంతకుడిది. అతనికి ఉద్యోగంలో ఒత్తిడి ఎక్కువ. తుపాకీ తీస్తే చెయ్యి వణుకుతుంది, చెమటలు కారతాయి. డాక్టరు బీపీ చూసి, ఉప్పు మానెయ్యమంటాడు, వీలైతే వృత్తి కూడా మార్చుకోమంటాడు. పై దాదా మాత్రం సెలవివ్వడు. ఆఖరి పని ఒకటి చేసిపెట్టి వెళ్ళమంటాడు. మదనపల్లెలో ఒక టమోటా వ్యాపారిని కాల్చాలి. హంతకుడు మాత్ర వేసుకుని బస్సెక్కుతాడు.

ఊరి పేరు వినగానే హాల్లో ఈలలు వేశారు. గంగులమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. రెడ్డెప్ప కళ్ళు మూసుకున్నాడు.

తర్వాతి దృశ్యంలో హంతకుడు ఒక లారీడు టమోటాలేసుకుని బెంగుళూరు రోడ్డు మీద ఏడుస్తున్నాడు.

మార్కెట్టు లేదు, వేలం లేదు, మునిరత్నప్ప లేడు. ఈ టమోటాలు ఇతనికి ఎక్కడివి, ఎందుకు ఏడుస్తున్నాడు, ఎవరినైనా చంపాడా లేదా అన్నది నాకు అర్థం కాలేదు. చుట్టూ చూశాను. అందరూ హాయిగా నవ్వుతున్నారు. నేనూ కాసేపు నవ్వాను.

ఆట అయ్యాక మేనేజరు బాషా సాబ్ గదికి వెళ్ళాం. మర్యాదస్తుడు. టీ తెప్పించాడు.

"మార్కెట్ రీళ్ళా? అవి తీసి పక్కన పెట్టేసినాం సార్."

"ఎందుకండీ?"

"పల్లెల బస్సులు ఎళ్ళిపోతాయి. ఆట రొంత తగ్గించల్ల. ఏది తగ్గించేది? ఫైటు తీస్తే కుర్చీలు ఇరగ్గొడతారు. పాట తీస్తే తెర చింపుతారు. టమోటాలు తీసినా. మదనపల్లెలో టమోటాలు ఎవురు సూస్తారు సార్, తెల్లారి లేస్తే అవే గదా."

నేను తల కూడా ఊపాను. గంగులమ్మ మాత్రం టీ కింద పెట్టి, "ఆ రీళ్ళు నాకియ్యి సాయిబూ. దీపం ముందర పెట్టుకుని సూసుకుంటా" అంది.

బాషా సాబ్ ఆమె వైపు చూసి, విషయమేమిటో రెడ్డెప్పనడిగి తెలుసుకుని, చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "అమ్మా, ఈ పొద్దుతో ఈడ అయిపోయింది. పెట్టెలు రేపు పుంగనూరు పోతాండాయి. ఆ ఊరికి ఆవుల పేరుండాది గానీ టమోటాల పేరు లేదు. ఆడ అన్నీ ఏస్తారు. నేను చెప్తా."

పుంగనూరు బస్సు

మర్నాడు పొద్దున మేమెక్కిన బస్సులోనే సినిమా కూడా ఎక్కింది. రేకు పెట్టెలు వెనక సీటు ముందు వరసగా పేర్చి, పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు సుబ్రమణ్యం. పెట్టెల వెంట ఊరూరూ తిరిగి, ఒక హాల్లోంచి ఇంకో హాలుకు చేర్చే రిప్రజెంటేటివ్. జేబులో మాత్రల పట్టీ కనబడుతోంది.

"బీపీనా?" అని అడిగాను. సినిమా ప్రభావం.

"గ్యాస్ సార్. బీపీ ఇంగా సూపించుకోలేదు. సూపిస్తే ఉందంటారు."

ప్రతి పెట్టె మీదా సుద్దముక్కతో అంకె వేసి ఉంది. ఏది ముందో, ఏది వెనకో చెప్పేది ఆ అంకే. బస్సులో సీట్లు లేవు. గంగులమ్మ పెట్టెల వైపు కాసేపు చూసి, "ఇందులోనే గదా ఆయనుండేది" అని ఒకదాన్ని చేత్తో తట్టి, దాని మీద కూర్చుంది. సుబ్రమణ్యం వద్దనబోయి, బాషా సాబ్ విషయం చెప్పి ఉన్నాడు కాబట్టి మానుకున్నాడు. ఆమెను చూసి ఇంకో ముసలమ్మ కూర్చుంది. ఆమెను చూసి ఒకాయన బొరుగుల మూట పెట్టాడు. మా వైపు బస్సుల్లో ఇలాంటప్పుడు గొడవ జరుగుతుంది. ఇక్కడ "రొంత జరుగమ్మా" తప్ప ఇంకో మాట వినబడలేదు.

పుంగనూరులో దిగేటప్పటికి పెట్టెల మీద అంకెలు లేవు. గంగులమ్మ చీర మీద నాలుగు అంకె, ముసలమ్మ చీర మీద ఏడు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ముసలమ్మ ఏడుతో సహా బజారులోకి నడిచి వెళ్ళిపోయింది. సుబ్రమణ్యం పెట్టెల వైపు చూసి, ఒక మాత్ర వేసుకుని, జేబులోంచి సుద్దముక్క తీసి, ఏ మాత్రం తడుముకోకుండా అంకెలన్నీ మళ్ళీ వేశాడు.

"లోపల రీళ్ళ మీద కూడా రాసుంటుంది కదండీ?" అన్నాను.

"ఉంటాది సార్. మూతలు తీసి సూసుకునేంత తీరికుంటే నేను ఈ ఉద్యోగంలో యాలుంటా?"

పుంగనూరు

ఇక్కడి ఆవులు పొట్టివి. మా ఊళ్ళో దూడ అనుకునే దాన్ని చూసి పక్కకు తప్పుకుంటే, అది నలుగురు బిడ్డల తల్లి అని రెడ్డెప్ప చెప్పాడు. మధ్యాహ్నం ఒక ఇంటి హోటల్లో రాగి ముద్ద, పులుసు, ఊరుబిండి అనే రోటిపచ్చడి తిన్నాం. ముద్దను నమలకూడదట, పులుసులో ముంచి మింగాలట. ఈ సంగతి నేను సగం ముద్ద నమిలాక చెప్పారు. వడ్డించే ఆవిడ నా దవడల వైపు చూసి, "ఈయప్ప యాడోడు?" అని అడిగింది. ఏలూరు అంటే, పాపం అన్నట్టు తల ఊపి, ఇంకాస్త నెయ్యి వేసింది. డబ్బు తీసుకునేటప్పుడు నెయ్యికి వేరే అడగలేదు. మా వైపు అయితే అడుగుతారు.

హాలు రేకుల షెడ్డు. కింద క్లాసులో నేల మీద కూర్చున్నవాళ్ళు కొందరు పడుకుని కూడా ఉన్నారు. మేము కుర్చీల్లో కూర్చున్నాం. నా పక్కన ఎర్ర తువాలు పెద్దాయన ఒకాయన. ఆయన అప్పటికే ఈ సినిమా పొద్దుటి ఆట చూసి, బాగుందని మళ్ళీ వచ్చాడు. నాకు ధైర్యం వచ్చింది.

డాక్టరు, బీపీ, ఉప్పు. అన్నీ మామూలే. హంతకుడు బస్సెక్కాడు. ఆ వెంటనే మార్కెట్టు వచ్చింది.

వచ్చింది గానీ, అక్కడ అప్పటికే గొడవ జరుగుతోంది. హంతకుడు ఒక గుట్ట వెనకనుంచి తుపాకీ ఎక్కుపెట్టాడు, చెయ్యి వణికింది, గుండు వ్యాపారికి కాకుండా ఇంకెవరికో తగిలింది. ఆ ఇంకెవరో నీలం చొక్కా మనిషి. వెనక్కి తిరిగి, ఆశ్చర్యంగా హంతకుణ్ణి చూసి, టమోటా గుట్ట మీద వెల్లకిలా పడ్డాడు. అంతే. హంతకుడు తుపాకీ పారేసి, తల బాదుకుని ఏడ్చాడు. ఇంటర్వెల్ అని పడింది.

మునిరత్నప్ప సినిమాలో బతికి ఉన్నది ఆ తిరిగి చూసినంత సేపే. కిరాయి హంతకుడి సినిమా అన్న మాటే గానీ, మొత్తం సినిమాలో చచ్చిపోయేది ఒక్కడే. అది ఈయన.

హాల్లో లైట్లు వెలిగాయి. రెడ్డెప్ప వాళ్ళమ్మ వైపు చూడలేక తెర వైపే చూస్తున్నాడు. గంగులమ్మ లేచింది.

"పోదాం పద" అంది.

లేచాం. బయట వాన మొదలైంది. రేకుల మీద టపటపమని ఒకటే మోత. గుమ్మం దగ్గర జనం వానకు లోపలికి తోసుకొస్తున్నారు, మేము బయటికి పోవాలి. అలా ఇరుక్కుని నిలబడి ఉండగా లైట్లు ఆరిపోయాయి. వెనకనుంచి వెలుతురు మా అందరి వీపుల మీద పడింది. గంగులమ్మ తిరిగి చూసింది.

తెర మీద మునిరత్నప్ప నిలబడి ఉన్నాడు. అదే నీలం చొక్కా, చెవి వెనక పెన్సిలు. గంప మీద ఒక కాలు పెట్టి, చెయ్యి గాలిలో ఊపుతూ వేలం పాడుతున్నాడు.

ఆమె గుమ్మంలోంచి వెనక్కి నడిచింది. తన కుర్చీ దాకా పోలేదు. దగ్గర్లో ఖాళీగా ఉన్నదాన్లో కూర్చుంది. మేము ఆమె వెనక నిలబడ్డాం. ఎర్ర తువాలాయన కూడా వానజల్లు పడుతోందని అటే వచ్చాడు.

"ఇందాక చచ్చిపోయాడు కదండీ ఆయన?" అని అడిగాను, నా అయోమయం ఆపుకోలేక.

"ఆ సచ్చినోడు అన్న" అన్నాడు ఆయన, తిరుగులేకుండా. "ఈయన తమ్ముడు. డబుల్ యాక్షను."

"హంతకుడు కూడా ఇందాక తుపాకీ పారేశాడు. మళ్ళీ చేతిలో ఉందే."

"ఆయప్పకూ తమ్ముడుండాడు. రెండిళ్ళలోనూ అన్నదమ్ములే. సూడప్పా, నీకే తెలుస్తాది."

గంగులమ్మ వెనక్కి తిరగకుండానే, "ఆయనకు తమ్ముళ్ళు లేరు" అంది. ఎర్ర తువాలాయన ఆమె వైపు చూసి, ఈమెకెలా తెలుసునన్నట్టు నా వైపు చూశాడు. చెప్పాను. ఆయన తలకు చుట్టిన తువాలు తీసి భుజాన వేసుకున్నాడు.

ఇంతలో సౌండు పోయింది. వాన పడితే ఆ హాల్లో పోతుందట. జనం కాసేపు అరిచి ఊరుకున్నారు. బొమ్మ మాత్రం ఆగలేదు. మునిరత్నప్ప నోరు కదులుతోంది, చెయ్యి ఊగుతోంది, మాట లేదు. రేకుల మీద వాన.

అప్పుడు గంగులమ్మ మొదలుపెట్టింది.

"నలభై, నలభై, నలభై. నలభైయైదు పెద్దాయన. రైతు మొగం సూసి పలకండప్పా, ఆయప్ప రాత్రంతా నిద్ర లేకుండా వచ్చినాడు. యాభై. యాభై ఒకటోసారి." తెర మీద ఆయన పెదాలు ఎప్పుడు ఆగితే అప్పుడు ఆగుతోంది, ఎప్పుడు కదిలితే అప్పుడు మొదలవుతోంది. ఇంట్లో రోజూ విన్న మాటలేమో, తడుముకోలేదు. గొంతు పెద్దది చేసింది కూడా కాదు, ఎవరికో వివరం చెబుతున్నట్టే చెప్పింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. తర్వాత ఇంకొందరు. హంతకుడు జనంలో నక్కి నిలబడి, టెన్షన్ ఆపుకోలేక చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాడు. మునిరత్నప్ప వేలు అతని మీదికి పోయింది.

"తెల్లచొక్కాయప్పకు కొట్టేసినా" అంది గంగులమ్మ. "లారీ తెచ్చుకోప్పా."

హాలంతా పగలబడి నవ్వారు. లారీడు టమోటాలు హంతకుడికి ఎక్కడివో నాకు అప్పుడు తెలిసింది. మా వైపు వేలంలో నోటితో చెబితే తప్ప కొట్టెయ్యరు. చెమట తుడుచుకున్న పాపానికి సరుకు కొనాల్సిరావడం ఇక్కడే సాధ్యం.

వాన వెలిశాక బయటికొచ్చాం. గంగులమ్మ నడుస్తూ నడుస్తూ, ఆ నీలం చొక్కాకు మెడ దగ్గర తనే కుట్టు వేసిందని, అది కూడా కనబడిందని చెప్పింది. జిలేబీ బండి దగ్గర ఆగి, తనే అడిగి కొనిపించుకుంది. ఆయన పోయాక ఆమె తీపి నోట పెట్టడం అదే మొదలని రెడ్డెప్ప నా చెవిలో అన్నాడు. తెర మీద ఆయన పడిపోయిన దాని గురించి ఆమె ఒక్క మాట అడగలేదు.

వెంకటగిరికోట మీదుగా

ఇక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మర్నాడు నేను రైలెక్కాల్సింది కుప్పంలో. సాగనంపుతామని వాళ్ళిద్దరూ వచ్చారు. సినిమా పెట్టెలు కూడా అటే పోతున్నాయని సుబ్రమణ్యం చెప్పాడు.

పలమనేరులో బస్సు మారాం. వెంకటగిరికోటలో టీ తాగాం. ఆ టీ అంగడాయన నాతో తెలుగులో, పాలవాడితో కన్నడంలో, తన లెక్కలతో అరవంలో మాట్లాడాడు. చిల్లర మాత్రం ఏ భాషలోనూ ఇవ్వలేదు, బదులుగా రెండు బిస్కెట్లు చేతిలో పెట్టాడు. శాంతిపురం దగ్గర రోడ్డు పక్కన నల్లరాయి దిమ్మెలు ఇళ్ళంతేసి పడి ఉన్నాయి. బెంగుళూరు పనికి పోయే కుర్రాళ్ళు సంచులతో ఎక్కి, ఎక్కగానే నిద్రపోయారు.

నేను మాత్రం దారి పొడుగునా ఆ సినిమా గురించే ఆలోచిస్తున్నాను. మొదట చచ్చి, తర్వాత వేలం పాడటం నా బీయేకు ఎక్కలేదు. చీర, సుద్దముక్క, అంకెలు గుర్తొచ్చాయి. మార్కెట్టు రీళ్ళు రెండూ తారుమారయ్యాయని తేలింది. ఇంత కనిపెట్టినవాడు చెప్పకుండా ఉండలేడు.

"కుప్పంలో వరస సరిచేసి వేస్తారు" అన్నాను రెడ్డెప్పతో. "అక్కడి ఆపరేటరు మూతలు తీసి చూసుకుంటాడని సుబ్రమణ్యం అన్నాడు. సౌండు కూడా బాగుంటుందట. రైలుకి టైముంది. చూద్దాం."

"చాల్లేప్పా. ఎట్లో ఒకట్ల సూసింది గదా."

"అది సరైన సినిమా కాదు కదా."

"అమ్మకు సినిమాతో పనేముండాది?"

నేను గంగులమ్మ వైపు తిరిగాను. "అమ్మా, కుప్పం హాల్లో అయితే ఆయన గొంతు వినబడుతుంది."

ఆమె కిటికీలోంచి మొహం తిప్పి నన్ను చూసింది. "నిజ్జంగానా?"



కుప్పం

కుప్పం హాలు బాగుంది. ఫ్యాన్లు తిరిగాయి. సీట్లకు నెంబర్లున్నాయి, జనం ఆ నెంబర్లలోనే కూర్చున్నారు, అది నాకు కాస్త కంగారు కలిగించింది. ముగ్గురం మధ్య వరసలో కూర్చున్నాం, గంగులమ్మ మా ఇద్దరి మధ్య.

డాక్టరు. బీపీ. ఉప్పు. బస్సు. ఆ తర్వాత మార్కెట్టు, గంప మీద కాలు, చెవి వెనక పెన్సిలు. మునిరత్నప్ప నోరు తెరిచాడు.

"రండి బాబూ రండి, నవనవలాడే టమోటాలండీ, ఆలసించిన ఆశాభంగమండీ."

గొంతు నున్నగా ఉంది. ఎవరో డబ్బింగు చెప్పాడు. మాట మాది, అచ్చంగా మా ఏలూరు కాలవగట్టుది. ఏ ఊరినుంచి వచ్చిన గొంతో నేను ఇంచుమించు వీధితో సహా చెప్పగలను.

గంగులమ్మ నా వైపు తిరిగింది. "ఎవురిదిది?"

"డబ్బింగమ్మా. మాటలు వేరేవాళ్ళు చెబుతారు. సినిమాల్లో మామూలే."

"నీ మాదిరి మాట్లాడతాండాడే."

తప్పు నాదన్నట్టే వినబడింది. తెర మీద నా గొంతులాంటిదే ఇంకా అండీ అండీ అంటూ వేలం పాడుతోంది. ఆమె పెదాలు ఒకసారి కదిలాయి, ఆ గొంతుకూ ఆమె మాటకూ పొసగక ఆగిపోయాయి. హంతకుడు చెమట తుడుచుకున్నాడు, టమోటాలు అతని పేరున కొట్టేశారు, హాలు నవ్వింది. ఆమె నవ్వలేదు.

తర్వాత గుట్ట వెనకనుంచి తుపాకీ వచ్చింది. రెడ్డెప్ప వాళ్ళమ్మ చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నీలం చొక్కా తిరిగి చూసి, గుట్ట మీద పడింది. ఇంటర్వెల్.

ఈసారి ఆమె లేవలేదు. పోదామా అని రెడ్డెప్ప అడిగితే, "కూసో" అంది.

ఇంటర్వెల్ తర్వాత కథ మొత్తం నాకు అర్థమైంది. హంతకుడు టమోటాలు అమ్ముకోలేక ఏడ్చాడు, ఊరగాయల వ్యాపారం పెట్టాడు, బీపీ తగ్గింది, డాక్టరు కూతుర్ని చేసుకున్నాడు, దాదాకు బీపీ వచ్చింది. ఒక్క ముడి మిగల్లేదు. ఇంత స్పష్టంగా అర్థమైన సినిమా నేను ఎక్కువగా చూడలేదు. చూస్తున్నంతసేపూ గంగులమ్మ మాత్రం తెర అంచులు వెతుకుతోంది. పెళ్ళి పాటలో జనం గుంపుగా వచ్చినప్పుడు ఒకసారి మెడ చాచి చూసింది. ఊరగాయల అంగట్లో నీలం చొక్కా ఒకటి వెనక్కి తిరిగి నిలబడితే ముందు సీటు పట్టుకుని లేవబోయింది. అది తిరిగింది. ఇంకెవరో.

శుభం పడింది. లైట్లు వెలిగాయి. జనం వెళ్ళిపోయారు. ఊడ్చేవాళ్ళు ముందు వరసల్నించి మొదలుపెట్టారు. ఆమె కదల్లేదు.

"ఇంగా ఉండాది గదా" అంది. "ఆయన లేచి వచ్చేది ఇంగా రాలేదు."

రెడ్డెప్ప నా వైపు చూశాడు. చెప్పాల్సింది నేనే.

"అయిపోయిందమ్మా" అన్నాను. "పుంగనూరులో రీళ్ళు తారుమారయ్యాయి. అక్కడ చూపించింది తప్పు. ముందు వేలం, తర్వాత కాల్చడం. ఇదే సరైన వరస."

ఆమె లేచి, కొంగు దులుపుకుని, తెల్లటి తెర వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"పుంగనూరోళ్ళు సంపినా మళ్ళా తెచ్చి నిలబెట్టినారు. ఈళ్ళు నిలబెట్టి సంపినారు. దీన్ని సరైనదంటావేందప్పా నువ్వు."